పూజలో పెట్టిన సర్వర్

కలకత్తా పక్క హౌరాలో, టికియాపారా రైలు పట్టాల పక్క సందులోకి వెళ్ళి దాలమ్మ ఇల్లెక్కడని అడగండి, ఏ తెలుగు గడపలోనైనా చెబుతారు. ఆ పేరుగలవాళ్ళు ఇంకా ఉన్నారు గనక కంప్యూటర్ దాలమ్మ అనాలి, అంతే. మనిషి పొట్టి, మాట పొడుగు. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసులో బెంగాలీ, ఏ భాషలో దెబ్బలాటకి దిగినా అవతలివాడు వెనక్కి తగ్గాల్సిందే. తెలుగు చదవడం మటుకు అంతంతమాత్రం. అది కూడబలుక్కుని శుభలేఖ చదివేసరికి పెళ్ళివారు భోజనాలు కూడా కానిచ్చేస్తారని తల్లి నరసమ్మ ఎక్కిరిస్తూంటుంది.

తండ్రి బైరాగి మున్సిపాలిటీలో మురుగుకాలవల పనివాడు. మ్యాన్‌హోల్ మూత తీసి, నడుముకి తాడు కట్టుకుని, లోపలికి దిగి పూడిక తీసే పని. వయసంతా ఆ పనిలోనే గడిచిపోయింది. తన పిల్ల ఆ వాసన తగలని చోట కూర్చుని పని చెయ్యాలన్నది ఆయన పంతం. ఆ పంతంతోనే హౌరాలో కంప్యూటరు క్లాసులకి పంపించాడు. పిల్ల నెగ్గుకొచ్చింది. భవానీపూర్‌లో ఏసీ గదిలో ఉద్యోగం సంపాదించింది. అక్కడి బెంగాలీవాళ్ళకి దాలమ్మ అనడానికి నోరు తిరక్క డాలీ-ది, అంటే డాలీ అక్కా, అని పిలవడం మొదలెట్టారు. పిలుపు ఏదైతేనేం, పలకాలి గదా, పలికింది.

ఆ ఉద్యోగం రామనాథం గారి రోగపరీక్షల ల్యాబ్‌లో. ఆయన ఆంధ్రా నుంచి బ్యాంకు ఆఫీసరుగా బదిలీ మీద కలకత్తా వచ్చి, ఊరు నచ్చి, రాజీనామా ఇచ్చేసి ఈ వ్యాపారం పెట్టుకున్నారు. మెటియాబ్రుజ్‌లో ఒక కౌంటరు, హౌరాలో ఒకటి, ఇంకా అక్కడా ఇక్కడా కొన్ని. కౌంటర్లలో రక్తం తీసి భవానీపూర్ పంపిస్తారు. ఇక్కడ డాక్టర్లు పరీక్ష చేసి ఫలితాన్ని నేరుగా కంప్యూటర్లో కొట్టేస్తారు. కౌంటరువాళ్ళు ఇంటర్నెట్‌లో అది తెరిచి, ప్రింటు తీసి, రోగి చేతిలో పెడతారు. మధ్యలో చేత్తో రాసిన కాగితమన్నది లేదు. ఇంత కథనీ నడిపేది వెనకగదిలో ఏసీ కింద కూర్చున్న ఒక్క మిషను. దాన్ని సర్వర్ అంటారు. దాని బాగోగులన్నీ దాలమ్మవే.

ఆ ఏడు సింగూరు కార్ల ఫ్యాక్టరీ ఉంటుందా పోతుందా అని బస్సుల్లోనూ టీకొట్లలోనూ జనం జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నారు. దాలమ్మకి అదేం పట్టలేదు. బైరాగి మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ లేచింది. సందు ఈ చివర నుంచి పిలిస్తే ఆ చివర వినబడే గొంతు, బొంగురుపోయి గుసగుసలాగైపోయింది. ఆస్పత్రిలో గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించుకు రమ్మన్నారు. క్యాన్సరా కాదా అన్నది ఆ ముక్కే చెప్పాలి. వేరే చోటికెందుకు, మన ల్యాబ్ ఉందిగా అని దాలమ్మ తనే తెచ్చి లాహిరి డాక్టరుకి ఇచ్చింది. పెద్దాయన, ఒక మాట అన్నాడంటే దానికి తిరుగులేదని పేరు.

దసరా పండగ సప్తమి సాయంత్రం లాహిరి డాక్టరు తను చూడాల్సినవన్నీ చూసి, ఫలితాలన్నీ కంప్యూటర్లో కొట్టేసి, పెళ్ళాంపిల్లల్ని తీసుకుని పూరీ రైలెక్కేశాడు. దాలమ్మ తల్చుకుంటే ఆ క్షణంలోనే తండ్రి రిపోర్టు తెరిచి చూడొచ్చు. చెయ్యి రాలేదు. ఇంట్లో నరసమ్మ కూడా ఒట్టు పెట్టించుకుంది. "మంచైనా సెడ్డైనా పండగెల్లినాకే ఇందుము. అందాకా ఆ మాటెత్తకు గుంటా" అంది. సరేనంది దాలమ్మ. అలా ఆ రిపోర్టు సర్వర్ కడుపులోనే ఉండిపోయింది.

నవమి పొద్దున్న ల్యాబ్‌లో ఆయుధపూజ. బెంగాలీవాళ్ళు కిందటి నెల విశ్వకర్మ పూజనాడే మిషన్లన్నిటికీ బొట్లు పెట్టేశారు గదా, ఈ తెలుగువాళ్ళకి మళ్ళీ ఏమిటని నవ్వుకుంటారు గానీ ప్రసాదం దగ్గర మటుకు వాళ్ళే ముందుంటారు. రామనాథం గారి భార్య భానుమతి గారు నిష్ఠగల మనిషి. సూక్ష్మదర్శినికి పసుపు, ఫ్రిజ్‌కి కుంకం, సర్వర్‌కి బంతిపూల దండ. పూజలో పెట్టిన పనిముట్టుని దశమి వెళ్ళేదాకా ముట్టుకోకూడదు. అది అనాదిగా ఉన్న కట్టుబాటు. సుత్తైనా, నాగలైనా, కుట్టుమిషనైనా ఆ వేళకి విశ్రాంతి.

పూజ మొదలయ్యేలోపల దాలమ్మ ముందుగదిలో కంప్యూటరు తెరిచి తనకొచ్చిన మెయిళ్ళు చూసుకుంది. సర్వర్లు చూసుకునేవాళ్ళందరికీ వచ్చే హెచ్చరిక ఒకటి అందులో ఉంది. రెండుసార్లు చదివింది.

వెబ్ సర్వర్ అంటే కిటికీ దగ్గర కూర్చున్న గుమాస్తా అనుకోండి. ఫలానా రిపోర్టు ఇమ్మంటే ఇస్తాడు, అడిగినవాణ్ణి మాత్రం లోపలికి రానివ్వడు. ఇప్పుడు బయటపడిన లోపం ఎలాంటిదంటే, ఆ అడగడమేదో ఒక వంకర పద్ధతిలో, చాంతాడంత పొడుగు చేసి అడిగితే గుమాస్తాకి మతి పోతుంది. అడిగినదాన్ని ఆజ్ఞ అనుకుంటాడు. అవతలివాడు ఏ దేశంలో ఉన్నా సరే, పాస్‌వర్డ్ అక్కర్లేదు. చెరపమంటే చెరుపుతాడు, మార్చమంటే మారుస్తాడు, నన్ను లోపల కూర్చోబెట్టమంటే కూర్చోబెడతాడు. ఆ తలుపు తీసే పద్ధతి అప్పుడే ఊరూవాడా పాకిపోయిందని ఆ మెయిల్లోనే ఉంది. తలుపు మూసే మందు కూడా అందులోనే ఉంది. సర్వర్లో అది ఎక్కించి, ఒకసారి ఆపి మళ్ళీ మొదలెడితే చాలు, టీ చల్లారేలోపల అయిపోయే పని.

ఆ మందు డిస్కులోకి ఎక్కించుకుని పరుగున వెనకగదికి వెళ్ళేసరికి భానుమతి గారు సర్వర్‌కి హారతి ఇస్తున్నారు. బొట్టు పెట్టడం అయిపోయింది. దాలమ్మ సంగతంతా చెప్పింది. రామనాథం గారు విన్నారు, వినలేదనడానికి లేదు. పూజలో పెట్టిన ఆయుధాన్ని ఎవరైనా ముట్టుకుంటారా, దసరా వెళ్ళగానే అన్నిటికంటే ముందు ఆ పనే చేద్దువుగాని అన్నారు. పోనీ దాన్ని ఆపేద్దామా, వైరైనా లాగేద్దామా అని దాలమ్మ బతిమాలింది. వెలుగుతున్నదాన్ని నవమి పూట ఆర్పేస్తానంటావేమిటే, ఇంటికి మంచిదా అని భానుమతి గారు కేకలేశారు. ముట్టుకోకూడదు, ఆర్పకూడదు. అదీ వరస.

వాళ్ళని అని ఏం లాభం! దాలమ్మ చెయ్యి మాత్రం ముందుకెళ్ళిందా? వాళ్ళింట్లోనూ నవమినాడు బైరాగి తాడుకీ, ఇనప కొక్కేనికీ బొట్టు పెట్టేవారు. దాలమ్మ చిన్నప్పుడు ఒక నవమినాడు ఎక్కడో కాలవ పొంగిందని పైవాళ్ళు కూకలేస్తే, తండ్రితో పనిచేసే మనిషి ఒకడు పూజలోంచి తాడు తీసుకుని వెళ్ళి దిగాడు. మళ్ళీ పైకి రాలేదు. విషపుగాలి తగిలి పోయాడని దాలమ్మకి పెద్దయ్యాక అర్థమైంది. అయినా ఆ సందులో ఎవర్నడిగినా తాడు మాటే చెబుతారు. ఇప్పుడు తండ్రి మెడ మీద గడ్డ, ఆయన రిపోర్టేమో బొట్టు పెట్టిన ఆ మిషన్లో. తను దాన్ని ముట్టుకున్నాక ఏదైనా జరగరానిది జరిగితే?  డిస్కు సంచిలో పడేసుకుని ఇంటికి పోయింది.

ఒక్కటి మటుకు చెప్పుకోవాలి. పూజ చేస్తే సుత్తి ఆగుతుంది, నాగలి ఆగుతుంది. సర్వర్ ఆగదు. బంతిపూల దండ కింద దాని పచ్చదీపం మిణుకుమిణుకుమంటూ ఎవరు ఏమడిగినా జవాబిస్తూనే ఉంది.

దశమి వెళ్ళిన మర్నాడు అందరికంటే ముందు దాలమ్మే వచ్చింది. పూలు తీసేసి, కూర్చుని, మందు ఎక్కించబోయింది. ఎక్కలేదు. ఇది ఇప్పటికే ఎక్కించి ఉంది అంది మిషను.

మొదట అర్థం కాలేదు. మళ్ళీ చూసింది. నిజమే, ఎవరో ఎక్కించారు, అదీ నవమి రాత్రి. అక్కడెవరున్నారని ఎక్కించడానికి? కాపలా దర్వానుని పిలిచి అడిగితే తాళం తియ్యలేదని పిల్లల మీద ఒట్టేశాడు. సర్వర్ తన దగ్గరికి వచ్చిపోయినవాళ్ళ జాడలన్నీ తనే రాసుకుంటుంది. అందులో నవమి రాత్రి జాడలేవీ లేవు, ఎవరో శుభ్రంగా తుడిచేశారు.

అప్పుడు తెలిసింది దాలమ్మకి. ఎవడో ఆ తలుపులోంచి లోపలికి వచ్చాడు. వచ్చి, తన వెనక ఇంకొకడు రాకుండా తలుపు మూసేసుకున్నాడు. బైరాగి వాళ్ళ పనిలో ఒక పద్ధతుంది, మ్యాన్‌హోల్ మూత వేసేముందు లోపలికి వంగి కేకేస్తారు, ఎవరైనా ఉండిపోయారేమో అని. ఇక్కడ కేకేస్తే పలికేవాడెవడు?  తెరిచి ఉన్న తలుపుకి భయపడింది దాలమ్మ నిన్నటిదాకా. మూసి ఉన్న తలుపుని చూస్తే ఇంకా భయమేసింది.

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. బైరాగి. ఆగలేక పొద్దున్నే హౌరా కౌంటరుకి పోయి తనే రిపోర్టు తీయించుకున్నాడు. బొంగురు గొంతులో సంతోషం ఆపుకోలేకపోతున్నాడు.

"అమ్మీ, ఏటీ నేదంట. క్యాన్సర్ గీన్సర్ ఏటీ నేదని రాసీసినారు. మీయమ్మ రసగుల్లాలు పంచీస్తంది."

 ఏ మాట వినాలని దాలమ్మ పండగంతా మొక్కుకుందో అదే మాట విన్నది. నమ్మబుద్ధి కాలేదు. ఆ కాగితం వచ్చింది ఈ మిషన్లోంచి. ఈ మిషన్లో ఇప్పుడెవడున్నాడో, ఏం ముట్టుకున్నాడో తెలీదు. లాహిరి డాక్టరు కొట్టిన మాట అదేనా? ఆయన ఉందని కొడితే లేదని మారిందా? క్యాన్సర్ ఉన్నవాడు లేదనుకుని రసగుల్లాలు తింటూ కూర్చుంటే? సరే అయ్యా, సాయంత్రం వస్తానని ఫోను పెట్టేసి, పోయి రామనాథం గారి ఎదట నిలబడింది.

ఉన్నదున్నట్టు చెప్పింది. మిషను ఆపెయ్యాలి, మొత్తం తుడిచి మొదట్నుంచీ కట్టాలి, నవమి నుంచి ఇచ్చిన రిపోర్టులన్నీ మళ్ళీ సరిచూడాలి అంది. లాహిరి డాక్టరు చూసిన ముక్కలైతే గాజుపలకల మీద ఇంకా ఉన్నాయి. రక్తాలు పారబోసేశారు, వాటికి మనుషుల్ని మళ్ళీ పిలిచి సూది పొడవాలి. రామనాథం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఏదైనా మారినట్టు కళ్ళారా చూశావా అని అడిగారు. లేదంది. ఏదైనా పోయిందా? లేదు. మరి ఎవడో పుణ్యాత్ముడు వచ్చి మన తలుపు మూసిపెట్టి పోయాడనుకోకూడదా అన్నారు. పుణ్యాత్ముడైతే తన జాడ తుడుచుకోడు సార్ అంది దాలమ్మ.

ఆయన లేచి గది తలుపు దగ్గరగా వేసి వచ్చారు. తర్వాత గొంతు తగ్గించి మాట్లాడారు. చెడ్డవాడు కాడు ఆయన, అందుకే ఆ మాటలు అంత నెమ్మదిగా వచ్చాయి.

"చూడమ్మా, మన రిపోర్టులు నమ్మొద్దని మనమే చెప్పుకుంటే రేపు ఈ గుమ్మం ఎవరూ ఎక్కరు. ఆ మిషను జోలికి వెళ్ళడం తెలిసినదానివి ఇక్కడ నువ్వొక్కదానివే, ముందు నీ మీదికే వస్తుంది. మీ నాన్న సంగతంటావా, లాహిరి ఎల్లుండి దిగుతున్నాడు. ఆ పలక మళ్ళీ చూడమని నేను చెబుతాను. మిగతాది నువ్వు మర్చిపో."

మర్చిపోవడం ఎవరి వల్ల అవుతుంది? కానీ పలక అన్న మాట చెవిన పడ్డాక దాలమ్మకి ఇంకేమీ వినబడలేదు. తండ్రి ఉంటాడా పోతాడా అన్నది ఆ గాజుముక్క మీద ఉంది, అది ఈయన చేతిలో ఉంది. సరే సార్ అంది. ఆ రెండు మాటలతో నోరు కట్టేసుకుంది. తిట్టుకోండి మీ ఇష్టం. మీ తండ్రి మెడ మీద గడ్డ లేచినప్పుడు ఏం చేస్తారో చెప్పి మరీ తిట్టండి.

ఆ రెండ్రోజులూ బైరాగి కొత్త చొక్కా వేసుకుని సందంతా తిరిగాడు. దాలమ్మ ఆయన మొహం చూడలేక పనుందని పెందలాడే పోయేది. ఆఫీసులో వెనకగది తలుపు దగ్గర కుర్చీ వేసుకుని ఆ పచ్చదీపాన్నే చూస్తూ కూర్చునేది. కౌంటర్లలో ఎవరూ పని చెయ్యని భోజనాల వేళ కూడా అది ఒక్కోసారి గబగబా కొట్టుకునేది. లోపలున్నవాడు తన పని తను చూసుకుంటున్నాడు.

లాహిరి డాక్టరు వచ్చాడు. నేను చూసినదాన్ని మళ్ళీ చూడమంటారేమిటని చిరాకుపడుతూనే పలక తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. దాలమ్మ గోడకి చేరగిలబడి నిలుచుంది. ఆయన తల ఎత్తి, కిచ్ఛు నేయ్, ఏమీ లేదు, ఉత్త వాపు, నేను కొట్టింది కూడా ఇదేగా అన్నాడు. దాలమ్మ మెట్ల మీదకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇది అసలైన ఏడుపు, అసలైన సంతోషం. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి తండ్రి మొహంలోకి చూసింది. ఒక రసగుల్లా అడిగి పెట్టించుకుని తింది కూడా.

రామనాథం గారు చూశావా, ఒక్క అక్షరం మారలేదు అన్నారు. ఒక్క రిపోర్టు చూశాం సార్, ఒక్కటే అంది దాలమ్మ.  ఆయన మిషను తుడవడం దీపావళినాటి కాళీపూజ వెళ్ళాక చూద్దామన్నారు, అంతలోనే అదీ కాదు, కొత్త సంవత్సరంలో అన్నారు. రిపోర్టులు వెళ్తూనే ఉన్నాయి.

ఇంకో వారానికి మెటియాబ్రుజ్ కౌంటర్లో ప్రింటరు మొరాయిస్తోందని దాలమ్మని పంపించారు. బాగుచేసి, సరిగ్గా వస్తోందో లేదో చూడ్డానికి వరసలో ఉన్న మొదటి రిపోర్టే తీసింది. అది ఒక ముసలామె కొడుకుది. ఆ కొడుకు అక్కడే ఒక దర్జీ కొట్లో పనివాడు, కాళ్ళు వాచి పని మానేశాడట. నవమికి ముందు రక్తమిచ్చాడు, ఇన్నాళ్ళకి కాగితం తీసుకోవడానికి వచ్చింది తల్లి. మూత్రపిండాలు బాగానే ఉన్నాయని ఉంది అందులో. కౌంటరు కుర్రవాడు చదివి చెప్పాడు. ముసలామె కదల్లేదు. కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, వాణ్ణి కాదు, దాలమ్మని చూసింది. ఆడపిల్ల అబద్ధం చెప్పదనుకుందో ఏమో.

"బేటీ, ఇది నిజమేనా? కాళ్ళు చూస్తే ఇంకా వాపే ఉంది. నిజమేనంటే ఇంటికి పోతాను."

మళ్ళీ రక్తం ఇప్పించమ్మా, ఇంకోచోట ఇప్పించు. ఎంత మాటది? దాలమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. తండ్రి పలక లాహిరి డాక్టరు కళ్ళకింద ఉన్నంతసేపూ తను ఎలా నిలబడిందో ఈ ముసలామె ఇప్పుడు అలాగే నిలబడి ఉంది. ఈమె కొడుక్కి పలక లేదు, పారబోసిన రక్తానికి రెండోసారి లేదు. సరే సార్ అన్న మాట దాలమ్మ గొంతుకి అడ్డంపడింది.

నిజమేనమ్మా అంది.

ముసలామె మొహం విప్పారింది. కాగితాన్ని మడిచి రవికెలో దోపుకుని, దాలమ్మ దగ్గరకొచ్చి తల మీద చెయ్యి పెట్టింది. నీకు తండ్రి ఉన్నాడా బేటీ అని అడిగి, ఉన్నాడని తెలిశాక, ఆయన్ని పైవాడు చల్లగా చూడాలి, నూరేళ్ళు బతకాలి అని దీవించింది. ఆ చెయ్యి తల మీంచి తీసేదాకా దాలమ్మ కళ్ళెత్తలేదు.